యుద్ధనౌకలను చిత్రించడానికి ప్రభుత్వాలు చిత్రకారులను ఎందుకు నియమించాయి?

ప్రశ్న: నల్గొండ నుంచి

సభ్యులందరికీ నమస్కారం. నేను నల్గొండలోని ఒక పాఠశాలలో డ్రాయింగ్ చెబుతున్నాను. నౌకాదళంలో పనిచేసి విశాఖపట్నంలోనే స్థిరపడిన మా మేనమామ, మొన్నటి సెలవుల్లో నన్ను రామకృష్ణా బీచ్‌లో ప్రదర్శనకు ఉంచిన కుర్సురా జలాంతర్గామి లోపలికి తీసుకువెళ్ళారు. దాదాపు 91 మీటర్ల పొడవున్న ఆ ఇనుప గొట్టంలో గొట్టాలు, వాల్వులు, చక్రాలు, వాటి సందుల్లోనే మనుషులు పడుకునే బల్లలు చూశాక, దాన్ని గీయాలనే కోరిక నన్ను వదలడం లేదు. బ్రిటన్, కెనడా వంటి దేశాలు రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ అధికారిక యుద్ధ చిత్రకారులను నియమించాయని చదివాను. కెమెరా ఉన్న కాలంలో చిత్రకారుడితో వాళ్ళకేం పని పడింది? జీతమిచ్చి, గీసినదాన్ని అధికారులే పరీక్షించే చోట చిత్రకారుడు నిజం గీయగలడా? సాగర్ జలాశయంలో లాంచీ తప్ప పెద్ద ఓడ ఎరుగని నాలాంటివాడు ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: మహబూబ్‌నగర్ నుంచి, విశ్రాంత డ్రాయింగ్ ఉపాధ్యాయుడు

డ్రాయింగ్ సార్‌కు నమస్కారం. మీ రెండో ప్రశ్నకు ఎరిక్ రవీలియస్ అనే బ్రిటిష్ చిత్రకారుడి జీవితమే జవాబు అనుకుంటాను. 1939లో యుద్ధం మొదలయ్యాక, అప్పటి నేషనల్ గ్యాలరీ డైరెక్టర్ కెనెత్ క్లార్క్ చొరవతో యుద్ధ చిత్రకారుల సలహా సంఘం ఏర్పడింది. యుద్ధానికి చిత్రరూపమైన రికార్డు ఉండాలన్నది ఒక ఉద్దేశమైతే, దేశంలోని మంచి చిత్రకారులు యుద్ధంలో చనిపోకుండా కాపాడుకోవాలన్నది క్లార్క్ మనసులోని మరో ఉద్దేశం. రవీలియస్‌ను రాయల్ మెరైన్స్‌లో గౌరవ కెప్టెన్ హోదాతో నౌకాదళానికి అప్పగించారు. 1940లో ఆయన నార్వే వైపు వెళ్ళిన ఒక డిస్ట్రాయర్ (వేగంగా సాగే చిన్న యుద్ధనౌక) మీద ప్రయాణించి, ఆర్కిటిక్ సముద్రంలో గ్లోరియస్ అనే విమానవాహక నౌకను నీటిరంగుల్లో చిత్రించాడు. అర్ధరాత్రి కూడా అస్తమించని సూర్యుడి వెలుగు ఆ బొమ్మల్లో ఎక్కడ నుంచి వస్తుందో గమనించండి. ఆయన కాగితం తెల్లదనాన్ని చాలాచోట్ల అలాగే వదిలేసి, దాదాపు ఆరిన కుంచెతో సన్నని గీతలు మాత్రమే లాగాడు. గ్లోరియస్ 1940 జూన్ 8న మునిగిపోయింది. దానితోపాటు మునిగిన రెండు డిస్ట్రాయర్లను కలుపుకుంటే ప్రాణాలు కోల్పోయినవారు 1,500 మందికి పైనే. ఆ బొమ్మలో ఓడ నెమ్మదిగా, ప్రశాంతంగా సాగిపోతూ కనిపిస్తుంది. అందువల్లనే నేను దాన్ని ఎప్పుడు చూసినా ఎక్కువసేపు చూడలేను.

అదే సంవత్సరం ఆయన జలాంతర్గాముల్లోకి దిగి లోపలి జీవితాన్ని గీశాడు. పెరిస్కోపు ముందు వంగిన కమాండర్, నియంత్రణ చక్రాల ముందు కూర్చున్న నావికులు, దీపం కింద మనుషులు. వాటి ఆధారంగా 1941లో లితోగ్రాఫుల (రాతి అచ్చు చిత్రాల) వరుస ఒకటి వచ్చింది. మీరు కుర్సురాలో చూసినదాన్నే ఆయనా చూశాడు కాబట్టి, ముందుగా వాటిని చూడమని నా సలహా. 1942 సెప్టెంబరులో, ఐస్‌లాండ్ దగ్గర కనబడకుండా పోయిన ఒక విమానాన్ని వెదకడానికి వెళ్ళిన మరో విమానంలో ఉన్న రవీలియస్ కూడా తిరిగి రాలేదు. క్లార్క్ కాపాడాలనుకున్నవారిలో ఆల్బర్ట్ రిచర్డ్స్ కూడా అదే యుద్ధంలో మరణించాడు, థామస్ హెనెల్ యుద్ధం ముగిసిన కొద్ది నెలలకే మరణించాడు.

జవాబు: వనపర్తి నుంచి, మాజీ నావికుడు

సార్, చిత్రకళ నాకు తెలియదు కానీ ఓడ తెలుసు. ఓడ బొమ్మ గీసేవాళ్ళు ఫిరంగులను చక్కగా గీస్తారు, పనిని మరిచిపోతారు. సముద్రపు గాలికి ఇనుము తుప్పు పట్టకుండా సుత్తితో తుప్పు రాల్చడం, రెడ్ ఆక్సైడ్ పూయడం, దాని మీద బూడిదరంగు వేయడం మా జీవితంలో సగభాగం. నాలుగు గంటల వాచీ, అంటే వంతు డ్యూటీ, ముగించుకుని వచ్చినవాడి ముఖం, వాచీకి బయలుదేరేవాడి ముఖం ఒకలా ఉండవు. రాత్రిపూట కళ్ళు చీకటికి అలవాటు తప్పకుండా ఎర్ర దీపాలు వేసుకుంటాం, ఆ వెలుగులో మనిషి చర్మం రంగే మారిపోతుంది. బొమ్మల్లో నాకు కావలసినవి ఇవే.

మరొక ముఖ్యమైన మాట. మ్యూజియంలో గీసుకోవడం వేరు, డాక్‌యార్డు వేరు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ప్రకారం, నిషిద్ధ స్థలంలో శత్రువుకు పనికివచ్చే స్కెచ్ గీయడం కూడా నేరం కావచ్చు. రాతపూర్వకమైన అనుమతి లేకుండా అక్కడ పెన్సిల్ తీయకండి.

జవాబు: గద్వాల నుంచి, చరిత్ర అధ్యాపకురాలు

నావికులు చెప్పిన ఈ చివరి మాటలోనే, అధికారిక చిత్రకారుడు ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు ఉంది. యుద్ధకాలపు బ్రిటన్‌లో కూడా రేవుల దగ్గర స్కెచ్ పుస్తకంతో నిలబడినవాణ్ణి గూఢచారి అనుకునేవారు. అధికారిక నియామకమంటే మొదట అక్కడ నిలబడే హక్కు. దానికి బదులుగా సెన్సార్ పరీక్షను అంగీకరించాలి. ఆయుధాల వివరాలను సెన్సార్ దాచగలదు గానీ, అలసటను దాచమనడానికి ఏ నియమమూ దొరకదు.

స్టాన్లీ స్పెన్సర్ అనే బ్రిటిష్ చిత్రకారుడి సంగతి తీసుకోండి. 1940లో ఆయనను స్కాట్లాండ్‌లోని పోర్ట్ గ్లాస్గో ఓడల కర్మాగారానికి పంపితే, 1946 వరకు సాగిన ఆ వరుసలో సముద్రం మీద తేలే ఓడ కంటే రివెట్లు కొట్టేవాళ్ళు, వెల్డింగు చేసేవాళ్ళు, మంటతో ఇనుము కోసేవాళ్ళే ఎక్కువగా కనిపిస్తారు. పక్కపక్కనే మనుషులు పని చేసుకుంటూ అడ్డంగా సాగిపోయే ఆ పొడవాటి చిత్రాలను చూస్తే నాకు మన చేర్యాల పటం గుర్తుకు వస్తుంది. అందులో నిలువుగా నడిచే కథ, ఇక్కడ అడ్డంగా నడుస్తుంది.

మొదటి యుద్ధంలో చిత్రకారులు ఓడకే రంగు వేసిన సందర్భం కూడా ఉంది. జలాంతర్గామిలోని శత్రువుకు ఓడ వేగం, దిశ అంచనాకు అందకుండా చేయడానికి, నార్మన్ విల్కిన్సన్ అనే సముద్ర చిత్రకారుడు 1917లో పెద్ద పెద్ద చారలు, కోణాలతో రంగులు వేసే పద్ధతిని ప్రతిపాదించాడు. టైటానిక్ తోబుట్టువైన ఒలింపిక్ అనే ఓడ ఆ చారలతోనే సైనికులను మోసింది. కెనడాలోని హాలిఫాక్స్ రేవులో వారు తిరిగి దిగిన దృశ్యాన్ని ఆర్థర్ లిస్మర్ అనే చిత్రకారుడు చిత్రించాడు.

ప్రశ్నించినవారి స్పందన

మీ అందరికీ కృతజ్ఞతలు. దసరా సెలవుల్లో మళ్ళీ విశాఖ వెళ్తున్నాను. ఈసారి కుర్సురాలో పడుకునే బల్లల దగ్గర నుంచే మొదలుపెడతాను. అంతవరకు చేయి అలవాటు పడడానికి, వచ్చే ఆదివారం కృష్ణ ఒడ్డుకు వెళ్ళి పుట్టికి తారు పూసే చేతులను గీయాలనుకుంటున్నాను. వనపర్తి అన్నగారూ, ఆ ఎర్ర వెలుగులో తెల్ల యూనిఫాం ఏ రంగులో కనిపిస్తుందో వీలైతే రాయండి.