సమస్య: గుఱ్ఱమునకు మ్రొక్కె గురువటంచు

ఇచ్చిన ఈ పాదం వచ్చేలా పద్యం అల్లడమే పూరణ. ఛందస్సు ఆటవెలది. సరి పాదానికి తగిన గణాలున్నాయి, గు–గు యతీ (పాదం మొదటి అక్షరం, నాలుగో గణం మొదటి అక్షరం కలవడం) కుదిరింది కాబట్టి రెండో పాదంగానైనా, నాలుగో పాదంగానైనా పూరించవచ్చు.

బ్యారేజికి దిగువన, ఎండాకాలంలో కృష్ణ ఇసుక తేలినప్పుడు మాకు స్వారీ నేర్పిన తెల్ల గోడిగ వెన్నెల పోయిన వారం కన్నుమూసింది. (గోడిగంటే ఆడగుర్రం. ఆ మాట మరుగున పడకూడదు.) బెజవాడలోనూ గుంటూరులోనూ దాని వీపు మీద మొదటిసారి కూర్చున్న ఆడపిల్లలు ఇప్పుడు పిల్లల తల్లులు.

సమస్య పాదంలో ఐదూ సూర్యగణాలే. సూర్యగణమంటే హగణం (గురువు, లఘువు) లేదా నగణం (మూడు లఘువులు). ఏదైనా మూడు మాత్రలు. గుర్రం నడకలో నాలుగు డెక్కల చప్పుళ్ళు విడివిడిగా వినిపిస్తాయి, ట్రాట్ అనే చిన్న పరుగులో రెండు, కాంటర్ అనే ఇంకాస్త వేగపు పరుగులో మూడు. మూడేసి మాత్రలతో నడిచే ఒక రగడ ఛందస్సుకు మనవాళ్ళు తురగవల్గనమని (గుర్రపు గంతు) పేరు పెట్టింది ఊరికే కాదనిపిస్తుంది. పైకి చదువుకుంటూ రాయండి.

బ్రాడీపేట నుంచి

వేదవిద్య లొసగు విష్ణువే హయముఖ
రూపుడయ్యె ననుచు రోజు తలచి
చదువుకొనెడి బిడ్డ సాయంత్ర వేళల
గుఱ్ఱమునకు మ్రొక్కె గురువటంచు

హయగ్రీవుణ్ణి తెచ్చి సమస్యలోని చిక్కును చక్కగా విప్పారు. ‘ప్రతిదినం’ అన్న అర్థానికి ‘రోజూ’ అని దీర్ఘం ఉండాలి, ఉంటే గణం చెడుతుంది. ‘రూఢి నెఱిగి’ అంటే యతీ నిలుస్తుంది. అయినా ఈ మొక్కు దేవుడికి పోయింది, గుర్రానికి అందలేదు. నా మనసు ఇంకా వెలితిగానే ఉంది.

మంగళగిరి నుంచి (ఇతని తొలి పూరణ)

రౌతు కొద్ది గుఱ్ఱ మనుమాట వింటిమి
తిరుగబడియె నిచట దీని యెదుట
పగ్గమందుకొన్న పడుచువాడొక్కడు
గుఱ్ఱమునకు మ్రొక్కె గురువటంచు

బాబూ, సామెతను తిరగేయడం బాగుంది. వెన్నెల దగ్గర నిజంగా గుర్రం కొద్దీ రౌతే. పగ్గం బిగించి లాగితే కదలకుండా నిలబడేది, వేళ్ళు సడలిస్తేనే నడిచేది. మొదటి పాదంలో మాత్రం యతి తప్పింది: ‘రౌ’కు ‘మ’ చెల్లదు. ‘రౌతు కొద్ది గుఱ్ఱ మౌతుందనెడి మాట’ అను. రౌతు–మౌతు, ప్రాసయతి (మొదటి అక్షరానికి బదులు రెండో అక్షరం ‘తు’ కలవడం). పైగా ‘మాట తిరుగబడియె’ అని అన్వయం కూడా సూటిగా కుదురుతుంది.

పటమట నుంచి

పడిన నన్ను జూచి పరుగాపి నిలుచుండె
జూలు నందజేసె చూపుతోనె
మాట రాని మూగ మంచితనము గాంచి
గుఱ్ఱమునకు మ్రొక్కె గురువటంచు

అమ్మా, రెండో పాదం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. గుర్రానికి కళ్ళు పక్కలకు ఉంటాయి, సరిగ్గా తోక వెనక ఉన్నది కనపడదు. పడ్డవాళ్ళను చూడాలని వెన్నెల ఆగి మెడ వంచి తల తిప్పేది. అప్పుడే జూలు మన చేతికందేది. అక్కడ పడి లేచినవాళ్ళే రాయగల పాదమిది. ఇక దోషం: ‘నన్ను’ అన్నారు, సమస్యలో ‘మ్రొక్కె’ ప్రథమ పురుష, అంటే అతడో ఆమెో మొక్కినట్టు. మొక్కిందెవరు? ‘మాట రాని’, ‘మూగ’ రెండూ ఒకటే కూడా. ‘మాట రాని దాని మంచికి నా మది’ అంటే రెండూ తీరతాయి.

— సవరణ తీసుకున్నానండి. పడ్డ రోజు మా నాన్నగారు ఇక చాలు, ఇంటికి పోదామన్నారు. అది కదల్లేదు. మళ్ళీ ఎక్కాను.

నా పూరణ

వెన్ను నిలుపుమనుచు వెన్నెలే నేర్పగ
నలుబదేండ్ల శిశువు నాడు వణకి
కన్నతల్లి వీపు కాబోలు నని యేడ్చి
గుఱ్ఱమునకు మ్రొక్కె గురువటంచు

బ్రాడీపేట వారు ‘వెన్నెల’ పేరని తెలియనివాళ్ళు చంద్రకాంతి అనుకుంటారని అన్నారు. అనుకోనివ్వండి. ఆ వయసులో నేను ఏడ్చిన మాట మాత్రం నిజం.

దానికి రోజూ ఉలవలు ఉడికించి పెట్టి, మాలీసు చేసిన పెద్దాయన పద్యం రాయలేనంటూ ఒక్క మాట పంపారు: “పిల్లల పాదం రికాబులో కుదిరేదాకా అడుగేసేది కాదయ్యా. అది నేను నేర్పింది కాదు.”

ఈ మాట పద్యంలోకి రావాలి. రికాబుకు మన పాత మాట అంకవన్నె, చక్కగా రెండు హగణాలు. మొదటి పాదం నేనిస్తున్నాను:

అంకవన్నెలోన నడుగు కుదురుదాక

రెండూ మూడూ మీరు రాయండి. ఆయనకు చదివి వినిపించాలి.