బ్యాంకు పైసలు పుట్టియ్యొచ్చు, సర్కారు పుట్టియ్యొద్దా? జర చెప్పుండ్రి

వడ్డేపల్లి_కట్ట:
మొన్న హన్మకొండ చౌరస్తల చాయ్ తాగుతుంటె ఒక లెక్చరర్ సారు, సర్కారు గూడ మన ఇల్లు లెక్కనే, రాబడి కంటె ఖర్చు ఎక్కువైతె మునుగుతది అన్నడు. నాకు ఈ ముచ్చట ఎన్నడు మింగుడువడలె. మనం ఇంట్ల నోట్లు అచ్చుగొడ్తమా? ఇంకోటి, మన డిపాజిట్లే బ్యాంకోళ్లు ఇంకొకలకు అప్పిస్తరని డిగ్రీల చదివినం గద, 2014ల ఇంగ్లండ్ల మన ఆర్బీఐ అసొంటి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండే రాసింది అది ఉల్టా అని, అప్పు ఇచ్చినప్పుడే ఖాతాల కొత్త డిపాజిట్ పుడ్తదంట. బండి లోన్ శాంక్షనైతె ఎవని ఖాతాల కెల్లి తీసియ్యరు, కంప్యూటర్ల అంకె కొడ్తరు, అంతే. మరి బ్యాంకు కొడితె బిజినెస్, సర్కారు కొడితె పాపమా?

ఎనుమాముల_అడ్తి:
అంకె కొడితె మిర్చి పండుతదా తమ్మీ? యార్డుకు బస్తాలు తక్కువొచ్చి కొనెటోళ్ల చేతుల పైసలు ఎక్కువుంటె రేటు ఎక్కుడే. జింబాబ్వేల నూరు లక్షల కోట్ల డాలర్ల నోటు తీసిన్రు, ఏమైంది?

వడ్డేపల్లి_కట్ట:
అన్నా, అక్కడ ముందుగాల పంట పడిపోయింది, నోట్ల వరద తర్వాత. మీరు చెప్పేది నేను చెప్పేది ఒక్కటే, హద్దు నోటుకు కాదు సరుకుకు. నేతోళ్ల ఊరు సిరిసిల్ల చూడుండ్రి, 2017ల బతుకమ్మ చీరల ఆర్డర్ వచ్చేదాంక ఎన్ని సాంచాలు (మరమగ్గాలు) పనిలేక ఉండె? మనిషున్నడు, సాంచా ఉన్నది, నూలు దొరుకుతది, లేనిది ఆర్డర్ ఒక్కటే. గసొంటి కాడ పైసలు వెడితె రేట్లెందుకు పెరుగుతయ్? లేని మిర్చి మీద వెడితె పెరుగుతయ్, ఒప్పుకుంట.

కాజీపేట_అక్క:
బ్యాంకుల పనిచేస్తున్న కాబట్టి చెప్తున్న, అంకె కొట్టుడు నిజమే గని సగం ముచ్చటే. లోన్ తీస్కున్నోడు ఆ పైసలు ఇంకో బ్యాంకుకు పంపితె మేము ఆర్బీఐ కాడున్న మా ఖాతాల కెల్లి కట్టాలె, పైంగ ఇచ్చిన అప్పులకు తగ్గట్టు బ్యాంకు సొంత పెట్టుబడి ఉండాలనే క్యాపిటల్ రూల్ ఉంటది, ఇష్టమొచ్చినట్టు పుట్టిచ్చుడు ఏం లేదు. ఇగ నీ సిరిసిల్ల లెక్కల పెద్ద తప్పున్నది తమ్ముడు. ఆ చీరల పైసలు హైదరాబాద్ సర్కారువి, అది నోటు కొట్టలేదు, అప్పు తేవాల్నన్నా కేంద్రానికి బాకీ ఉన్నన్ని రోజులు 293వ అధికరణం కింద ఢిల్లీ పర్మిషన్ కావాలె. ఒకప్పుడు మనకు సొంత రూపాయి ఉండె, నిజాం హాలి సిక్కా, ఏడు హాలీలకు ఆరు కల్దార్లు (ఇంగ్లీషోళ్ల రూపాయలు) అని మా నాయనమ్మ లెక్క చెప్పేది. 1959ల అది పోయింది. ఢిల్లీ అయినా చేతులు కట్టేసుకున్నది, సర్కారు లోటుకు, అప్పులకు హద్దు వెట్టే 2003 ఎఫ్ఆర్‌బీఎం చట్టంతోని 2006 ఏప్రిల్ కెల్లి కేంద్రం కొత్త బాండ్లను (అప్పు పత్రాలను) ఆర్బీఐ మామూలుగ నేరుగ కొనొద్దు, అంటె కొత్త పైసలు పుట్టిచ్చి సర్కారుకు నేరుగ అప్పియ్యొద్దన్నట్టు.

రామప్ప_బైపాస్:
గివన్నెందుకు, 2016 నవంబర్ 8 యాదిజేస్కోండ్రి. నడిచే నోట్ల విలువల 86 శాతం ఒక్క రాత్రిల బంద్. పత్తి చేన్లనే ఉండె, కూలోళ్లు ఊర్లెనే ఉండె, నోటు లేక పని ఆగింది.

ఎనుమాముల_అడ్తి:
అది మాత్రం నిజం. ఒక రైతుకు నేను చెక్కు రాసిస్తె పాపం మూడుమాట్ల టౌనుకు తిరిగిండు. ఇప్పుడు తక్‌పట్టీ (అమ్మిన లెక్క చీటీ) చేతికి రాకముందే ఫోన్ల పడ్తయ్.

కాజీపేట_అక్క:
ఫోన్ల కనవడేది బ్యాంకు మీకు బాకీ ఉన్న పైస అన్నా, నోటు కాదు. బ్యాంకు మునిగితె ఇన్సూరెన్స్ ఐదు లక్షల దాంకనే. 2022 డిసెంబర్ల ట్రయల్‌కు వెట్టిన డిజిటల్ రూపాయి వేరు, అది నేరుగ ఆర్బీఐది. యూపీఐ ఉన్నంక దాన్ని అడిగెటోడే లేడు, అది వేరే సంగతి.

వడ్డేపల్లి_కట్ట:
రాష్ట్రం సంగతిల ఓడిపోయిన అక్కా. గని చట్టం రాస్కున్నోళ్లే మార్చుకోవచ్చు గద. మన వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లు మూతవడ్డప్పుడు పత్తి లేకుండెనా, పనోళ్లు లేకుండెనా?

ఎనుమాముల_అడ్తి:
పాత మిషన్ల మీద ఎన్ని పైసలు పోసినా పాత మిషన్లే తమ్మీ. మిల్లు ముచ్చట వేరే వెట్టు, పొద్దుగాల్నే యార్డు తెరుస్తరు, నేను పండుకుంట.