ఇంటి చూరులో గబ్బిలాలు, ఇంట్లో కుక్కా పిల్లీ: ఏయే జాగ్రత్తలు అవసరం?

ప్రశ్న:

మా ఇంటి చూరుకూ గోడకూ మధ్యనున్న సందులో కొంతకాలంగా చిన్న గబ్బిలాలు నివసిస్తున్నాయి. పెరట్లోని చెట్టు పండ్లు పండే రోజుల్లో పెద్ద గబ్బిలాలు కూడా రాత్రిపూట వచ్చి వాలుతున్నాయి. వాటిని చంపించే ఉద్దేశం నాకు ఎంతమాత్రం లేదు. అయితే చూరు కింద పడిన రెట్టలను మా కుక్క వాసన చూస్తూ నాకుతోంది. పిల్లి మాత్రం చీకటి పడే వేళకు ఆ సందు వైపే చూస్తూ కూర్చుంటోంది. చిన్నపిల్లలు ఉన్న ఇల్లు కావడంతో రేబిస్ గురించి భయంగా ఉంది. గంధకపు పొగ వేయమని ఒకరు, నాఫ్తలీన్ ఉండలు పెట్టమని మరొకరు, వాటిని తరిమే శబ్దపు పరికరం కొనమని ఇంకొకరు చెబుతున్నారు. ఏది చేయదగినదో, ఏది చేయకూడనిదో అనుభవం ఉన్నవారు దయచేసి వివరించగలరు.

సమాధానం (పశువైద్య వృత్తిలో ఉన్న సభ్యుడు):

మీరు అడిగిన వాటిలో ముందుగా రేబిస్ విషయం చెబుతాను, ఎందుకంటే మిగిలిన జాగ్రత్తలన్నీ దానిని సరిగా అర్థం చేసుకోవడం మీదనే ఆధారపడి ఉంటాయి. గబ్బిలాలు చూరులో ఉన్నంత మాత్రాన, మన తలల మీదుగా ఎగిరినంత మాత్రాన రేబిస్ రాదు. వాటి రెట్ట వల్ల గాని, మూత్రం వల్ల గాని ఆ వ్యాధి సోకదు. వ్యాధి ఉన్న గబ్బిలం కరిచినప్పుడు, లేదా దాని లాలాజలం గాయానికో, కంటికో, నోటికో తగిలినప్పుడు మాత్రమే ప్రమాదం ఉంటుంది. గబ్బిలాల్లో ఈ వ్యాధి ఉన్నవి చాలా కొద్ది. కాని వ్యాధిగ్రస్తమైనది సరిగా ఎగరలేక నేల మీద పడి ఉంటుంది గనుక, కుక్కకూ పిల్లికీ చిక్కేది తరచుగా అటువంటిదే అవుతుంది. ఈ కారణం చేతనే మీ ఇంట్లో అన్నిటికన్నా ముందు చేయవలసిన పని గబ్బిలాలకు సంబంధించినది కాదు. రెండు పెంపుడు జంతువులకూ రేబిస్ టీకా గడువులోపే ఉన్నదో లేదో చూసుకోవడం. గడువు దాటి ఉంటే ఆలస్యం చేయకుండా వేయించండి. గడప దాటి వెళ్లని పిల్లికి టీకా ఎందుకని కొందరు వదిలేస్తారు. గబ్బిలం కిటికీ గుండా లోపలికే వస్తుంది గనుక ఆ వాదన నిలవదు.

రెట్ట వల్ల వచ్చే ఇబ్బంది వేరు. గబ్బిలాల రెట్ట చాలాకాలం పేరుకుపోయిన చోట హిస్టోప్లాస్మా అనే శిలీంధ్రం పెరగవచ్చు. ఆ రెట్ట ఎండి పొడిగా మారినప్పుడు దానిని కదిపితే శిలీంధ్ర బీజాలు గాలిలోకి లేచి, ఊపిరితో పాటు లోపలికి వెళ్లి, మనుషులకూ కుక్కలకూ పిల్లులకూ కూడా ఊపిరితిత్తుల జబ్బు కలిగిస్తాయి. అందువల్ల పొడి చీపురుతో ఊడ్చడం, ఇంట్లో వాడే వ్యాక్యూమ్ క్లీనర్‌తో లాగడం రెండూ మానాలి. ముందుగా నీళ్లు సన్నగా చల్లి పూర్తిగా తడిపి, చేతి తొడుగులు, ఎన్95 మాస్కు ధరించి, తడి రెట్టను ఎత్తి సంచిలో కట్టి పారవేయాలి. ఆ పని జరుగుతున్నంతసేపూ జంతువులనూ పిల్లలనూ దూరంగా ఉంచండి. అటకలో మందంగా పేరుకుని ఉంటే, ఆ పనిలో శిక్షణ ఉన్నవారికే అప్పగించడం మంచిదని నా అభిప్రాయం. చూరు కింద రోజూ రాలే కొద్దిపాటి రెట్ట కోసం ఒక పాత పట్టా పరచి, దాన్ని తరచుగా కడుగుతుంటే సరిపోతుంది. కుక్క అటు వెళ్లకుండా చిన్న అడ్డు కట్టండి. దాని నీళ్ల గిన్నె, తిండి గిన్నె చూరు కింద గాని, పండ్ల చెట్టు కింద గాని పెట్టకండి.

చెట్టు కింద కొరికి వదిలేసిన పండ్లను ప్రతి ఉదయం జంతువులు బయటికి రాకముందే ఏరి పారవేయడం అవసరం. 1998-99లో మలేషియాలో నిపా వైరస్ పండ్లు తినే గబ్బిలాల నుంచి పందులకు, పందుల నుంచి మనుషులకు సోకింది. అప్పుడు కుక్కలకూ పిల్లులకూ కూడా ఆ వైరస్ సోకినట్లు తేలింది. ప్రతి చోటా ఆ ప్రమాదం ఉందని దీని అర్థం కాదు. అయినా గబ్బిలం ఎంగిలి చేసిన పండును మనం తినకపోవడం, పెంపుడు జంతువులను తిననివ్వకపోవడం ఏ ప్రాంతంలోనైనా పాటించదగిన నియమం.

ఇక మీకు అందిన సలహాల గురించి: నాఫ్తలీన్ ఆవిరి గబ్బిలాల కన్నా ముందు మీ ఇంటివారికే హాని చేస్తుంది. పెంపుడు జంతువు ఆ ఉండను మింగితే ఎర్ర రక్తకణాలు చిట్లిపోయి ప్రాణం మీదికి రావచ్చు. పొగ వేస్తే ఎగరలేని పిల్లలు లోపలే చచ్చి కుళ్లుతాయి, పెద్దవి దారి తప్పి గదుల్లోకి దూరతాయి. శబ్దపు పరికరాలు గబ్బిలాలను నమ్మకంగా తరమవు. పైగా మనిషి చెవి సుమారు 20 కిలోహెర్ట్జ్ వరకే వినగలిగితే, కుక్క 45 వరకూ, పిల్లి 60కి పైగానూ వినగలవు గనుక, మీకు వినిపించని ఆ రొద రోజంతా వాటిని వేధిస్తుంది. ఈ మూడింటిలో ఏదీ చేయవద్దని గట్టిగా చెబుతున్నాను. ఆ చిన్న గబ్బిలాలు రాత్రంతా మీ ఇంటి చుట్టూ పురుగులను తింటున్నాయన్న సంగతి కూడా గుర్తుంచుకోండి.

పిల్లిని సూర్యాస్తమయానికి ముందే లోపలికి తెచ్చి, బాగా తెల్లవారే వరకూ బయటికి వదలకండి. మిగిలిన జాగ్రత్తలన్నిటి కన్నా ఇది గబ్బిలాలకూ పిల్లికీ కూడా ఎక్కువ మేలు చేస్తుంది.

ప్రశ్న అడిగినవారు:

వివరంగా చెప్పినందుకు కృతజ్ఞతలు. గబ్బిలం గదిలోకే వస్తే, లేదా పిల్లి దానిని నోట కరచుకుని తెస్తే వెంటనే ఏం చేయాలో కూడా చెప్పగలరా?

సమాధానం (అదే సభ్యుడు):

ఎగురుతూ లోపలికి వచ్చి, ఎవరినీ తాకని గబ్బిలమైతే మొదట సీలింగ్ ఫ్యాన్ ఆపండి. తరువాత జంతువులను వేరే గదిలోకి పంపి తలుపు మూసి, బయటికి తెరుచుకునే కిటికీలన్నీ పూర్తిగా తెరిచి, గదిలో దీపాలు ఆర్పి, మీరు ఒక పక్కన కదలకుండా నిలబడండి. గాలి కదలికను బట్టి అది సాధారణంగా తానే దారి వెతుక్కుంటుంది. తువ్వాలు విసరడం, చీపురుతో కొట్టడం వల్ల అది బెదిరి కరిచే అవకాశమే పెరుగుతుంది.

గబ్బిలం ఉన్న గదిలో ఎవరైనా నిద్రపోతూ ఉన్నా, మాటలు రాని పసిబిడ్డ ఉన్నా, పిల్లి దానితో ఆడినా దానిని వదిలిపెట్టకండి. దాని పళ్లు ఎంత సన్ననివంటే కాటు గుర్తు కంటికి కనిపించకపోవచ్చు. మందపాటి తోలు చేతి తొడుగు వేసుకుని, అది వాలిన చోట ఒక డబ్బా బోర్లించి, కిందినుంచి అట్టముక్క జరిపి మూసి ఉంచి, స్థానిక ఆరోగ్య అధికారులకు తెలపండి. రేబిస్ పరీక్ష మెదడు మీదనే చేస్తారు గనుక, చచ్చినదైనా సరే దాని తల నలగకూడదు. మనిషికి కాటు పడిందన్న అనుమానం ఉంటే ఆ చోటును ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడిగి అదే రోజు వైద్యుని వద్దకు వెళ్లాలి. లక్షణాలు మొదలైన తరువాత రేబిస్‌కు చికిత్స దాదాపుగా లేదు. ముందే తీసుకున్న టీకా మాత్రం కాపాడుతుంది.

పిల్లి విషయంలో గాయం కనిపించకపోయినా కాటు పడినట్లే భావించాలి. చేతి తొడుగులు లేకుండా దాని నోటిని, బొచ్చును ముట్టుకోకండి. టీకా వేసిన పిల్లికైనా వెంటనే బూస్టర్ వేయించి కొన్నాళ్లు గమనించాలి. టీకా లేనిదాన్ని కొన్ని నెలలపాటు విడిగా ఉంచవలసి రావచ్చు.

మరొక సభ్యురాలు:

ఒక్క విషయం చేరుస్తున్నాను. చివరికి ఆ సందును మూయించాలనుకుంటే, పిల్లలు ఎగరడం నేర్చే వరకూ ఆగండి. చాలా జాతుల్లో తల్లి ఒక కాన్పులో ఒక్క పిల్లనే కంటుంది, ఆ పిల్ల కొన్ని వారాల పాటు ఎగరలేదు. ఆ సమయం దాటాక, సందు మీద పైనా పక్కలా బిగించి కింది అంచు వదిలేసిన సన్నకన్నుల వలను వేలాడదీస్తే, గబ్బిలాలు కిందినుంచి జారి బయటికి వెళ్లగలవు గాని తిరిగి లోపలికి రాలేవు. కొన్ని రాత్రులు గడిచి, సంజె వేళ ఒక్కటి కూడా బయటికి రావడం లేదని స్వయంగా చూసుకున్న తరువాతనే సిమెంటుతో పూడ్చండి. సెంటీమీటరు పైన కొంచెం వెడల్పున్న సందులోంచి కూడా అవి దూరగలవు గనుక, ఇల్లంతా చుట్టి చూసి ఇతర సందులను ముందే మూయించడం అవసరం. కొన్ని దేశాల్లో గబ్బిలాల నివాసాలను కదిలించడానికి చట్టప్రకారం అనుమతి కావాలి. పని మొదలుపెట్టే ముందు అటవీ లేదా వన్యప్రాణి శాఖను అడిగి తెలుసుకోండి.