అప్‌డేట్: ట్రయల్స్ గుర్తుండట్లేదని అడిగింది నేనే

ఐసీయూ ట్రయల్స్ (చికిత్సల్ని రోగుల మీద పోల్చి చూసే పరిశోధనలు) చదివిన వారానికే అంకెలన్నీ కలగాపులగం అవుతున్నాయని మూడు నెలల కిందట అడిగాను. "తెలిసిన దారిలో ఒక్కో చోట ఒక్కో ట్రయల్ పెట్టుకో" అన్న అక్కకి చాలా థాంక్స్.

నా దారి మెట్రో రెడ్ లైన్. కూకట్‌పల్లి స్టేషన్‌లో రెండు బుడగలు: 6 అని రాసిన చిన్నది ఎగురుతోంది, 12 అని రాసిన పెద్దది పగిలింది. అదే 2000 నాటి ఏఆర్‌డీఎస్‌నెట్ ట్రయల్. ఏఆర్‌డీఎస్ అంటే ఊపిరితిత్తులు వాచి రక్తానికి ఆక్సిజన్ సరిగా అందని స్థితి. కిలోకి 6 ఎంఎల్ టైడల్ వాల్యూమ్‌తో (వెంటిలేటర్ ఒక్కో శ్వాసకి పంపే గాలి) మరణాలు 31 శాతం, 12తో దాదాపు 40. ఆ కిలో రోగి అసలు బరువు కాదు, ఎత్తును బట్టి కట్టే లెక్క. అందుకే బుడగల పక్కన కొలిచే టేపు కూడా పెట్టాను.

అమీర్‌పేటలో ఒకాయన బోర్లా పడుకుని 16 గంటలైనా లేవడు. అది ప్రొసేవా ట్రయల్, 2013. రోగుల్ని అలా బోర్లా పడుకోబెడితే 28 రోజుల్లోపు మరణాలు 32.8 నుంచి 16 శాతానికి తగ్గాయి.

ఒక చోట మాత్రం దెబ్బ తిన్నాను. వైవాలో అంకెలు గడగడా చెప్పాను, "ఏ పేషెంట్లలో?" అనగానే నోరు పెగల్లేదు. నిజానికి అదే అసలు ప్రశ్న. ఇప్పుడు అమీర్‌పేట ఆయన చొక్కా మీద 150 ఉంది: పీ/ఎఫ్ నిష్పత్తి (రక్తంలోని ఆక్సిజన్ పీడనాన్ని పీల్చే గాలిలోని ఆక్సిజన్ వాటాతో భాగిస్తే వచ్చేది) 150 కన్నా తక్కువున్న తీవ్రమైన ఏఆర్‌డీఎస్ వాళ్లు. నైట్ డ్యూటీకి వెళ్తూ రోజూ ఈ స్టేషన్లన్నీ ఒకసారి తలుచుకుంటున్నాను.