విష్‌బోన్ వెల్డింగ్ అయ్యాక బుష్ రంధ్రాలు లైన్ తప్పుతున్నాయి. ట్యూబ్ మందం పెంచాలా?

కృష్ణలంక_గ్యారేజ్:
ట్రాక్ మీద తిప్పడానికే చేస్తున్న రెండు సీట్ల కారు, డ్రైవర్‌తో 650 కేజీలు. ముందు డబుల్ విష్‌బోన్ (చక్రాన్ని కారుకి పట్టే వి ఆకారపు ఆర్మ్‌లు, పైనొకటి కిందొకటి). కింది ఆర్మ్ పొడవు 330 మి.మీ., కారు వైపు లోపలి బుష్‌ల (ఆర్మ్ తిరిగే కీలు చోట్లు) మధ్య 250. ట్యూబ్ 25.4 మి.మీ., 2.64 మందం సీమ్‌లెస్. ఆటోనగర్‌లో ఆర్గాన్ వెల్డింగ్ చేయిస్తే రెండు ఆర్మ్‌ల్లోనూ బుష్ హౌసింగ్‌లు (బుష్ కూర్చునే గొట్టాలు) వంకరపోయాయి, 12 మి.మీ. బోల్టు తిరగనంత బిగుతుగా ఉంది. మందం 3.25కి పెంచితే వంకర ఆగుతుందా? స్ప్రింగ్‌తో కలిసిన షాకబ్జర్‌ను కింది ఆర్మ్ మధ్యలో బిగిద్దామనుకుంటున్నా, పర్లేదా?

లేత్_బెంచ్:
అన్నా, వంకరకీ ట్యూబ్ మందానికీ సంబంధం లేదు. వెల్డు చల్లారేటప్పుడు ముడుచుకుని హౌసింగ్‌ని తన వైపు లాగుతుంది. దాన్ని ఆపాల్సింది జిగ్, అంటే వెల్డు చేసేటప్పుడు ముక్కల్ని కదలకుండా పట్టే చట్రం.

ప్లైవుడ్ మీద మేకులు కొట్టింది జిగ్ కాదు. 12 మి.మీ. ఇనుప ప్లేటు తీసుకోండి. రెండు లోపలి బుష్‌ల చోట నిలువు పలకలు బోల్టు చేసి, హౌసింగ్‌లు రెండింటిలోంచీ ఒకటే పొడవాటి బ్రైట్ బార్ దూర్చండి. బార్‌కీ హౌసింగ్‌కీ మధ్య ఖాళీ నిండేలా లేత్ మీద ఇనుప రింగులు తిప్పించి లోపల పెట్టాలి. హౌసింగ్ కోడిగుడ్డు ఆకారంలోకి పోకుండా అవే ఆపుతాయి, వేడినీ పీల్చుకుంటాయి. పోలీయురెథేన్ బుష్ లోపల ఉండగా వెల్డు చేయిస్తే కరిగిపోతుంది, అది చెప్పక్కర్లేదు అనుకుంటా.

ట్యూబ్ కొసలు హౌసింగ్ గుండ్రానికి సరిగ్గా చెక్కాలి. గ్రైండర్‌తో అందాజాగా చెక్కితే ఒక మూల 2 మి.మీ. సందు మిగులుతుంది. ఆ సందు నింపడానికి పోసిన లోహమే ముడుచుకుని లాగుతుంది. మీ ఆర్మ్ వంకరలో సగం అక్కడే పుట్టి ఉంటుంది.

ముందు నాలుగు పక్కలా ట్యాకులు (చిన్న చుక్క వెల్డులు). తర్వాత ఒక చోట పావు వంతు, ఎదురు మూల పావు వంతు, ఇలా మారుస్తూ వెళ్ళాలి. చేతికి వేడి తగలనంత చల్లారాకే జిగ్‌లోంచి తీయాలి, నీళ్ళు పోయకూడదు. ఆంపియర్లు 90 నుంచి 100, రాడ్ ఈఆర్70ఎస్-2. రెండు కొసలూ మూసేసే ట్యూబ్‌కి హౌసింగ్ వైపు లోపలికి 2 మి.మీ. బొక్క ఒకటి వదలండి, లేకపోతే చివరి కుట్టు వేసేటప్పుడు లోపలి వేడి గాలి కరిగిన లోహాన్ని ఊదేసి రంధ్రం చేస్తుంది.

ఇంకో మాట: ప్లంబింగ్ షాపు జీఐ పైపు చౌకగా దొరికిందని కలపకండి. జింక్ పొగ ఊపిరితిత్తులకూ చేటు, వెల్డులో బుడగలు కూడా వస్తాయి.

గుంటూరు_ట్రాక్:
మందం సంగతి లెక్కేస్తే తేలుతుంది. గట్టిగా బ్రేక్ వేస్తే ముందు చక్రం మీద 250 కేజీలు పడతాయనుకుందాం, టైరు పట్టు (ఘర్షణ గుణకం) 1 అనుకుంటే నేల దగ్గర 2,450 న్యూటన్లు. ఆర్మ్ బయటి కొసని చక్రం వైపు కలిపే కింది బాల్ జాయింట్ నేల నుంచి 150 మి.మీ., పైది 390 ఎత్తులో ఉంటే కింది ఆర్మ్ కొస మీద 4,000 దాకా పడుతుంది, పై ఆర్మ్ మీద అందుకు ఎదురు దిశలో 1,500 చిల్లర. మీ కొలతల్లో కింది ఆర్మ్‌లో ముందు కాలు సాగుతూ, వెనక కాలు నొక్కుకుంటూ చెరో 5,650 న్యూటన్లు మోస్తాయి. ట్యూబ్ అడ్డకోత 189 చ.మి.మీ. కాబట్టి ఒత్తిడి 30 మెగాపాస్కల్. మామూలు మైల్డ్ స్టీల్ కూడా 250 వరకు వంగదు. అంటే ట్యూబ్ పొడవు వెంట లాగే, నొక్కే బలాలకి 2.64 చాలా ఎక్కువే.

షాకబ్జర్ మధ్యలో పెడితే కథ మారిపోతుంది. ఒక్కో చక్రం మీద నిలకడ బరువు దాదాపు 1,600 న్యూటన్లు. గుంతలో మూడింతలు పడితే 4,800. ఆర్మ్ మధ్యలో స్ప్రింగ్ ఉంటే రెండు ట్యూబులు కలిసి 792 న్యూటన్ మీటర్ల వంపు మోయాలి. ఒక్కో ట్యూబ్‌లో ఒత్తిడి 400 మెగాపాస్కల్ పైనే. 3.25 మందానికి మార్చినా 355. రెండూ వంగిపోయేవే. అదే మౌంట్‌ని బాల్ జాయింట్ వైపు, లోపలి పివట్ నుంచి 264 మి.మీ. దగ్గరకి జరిపితే 160కి దిగుతుంది. ఆ చోట రెండు కాళ్ళ మధ్య 3 మి.మీ. గసెట్ ప్లేట్ (బలం కోసం వేసే పలక) అతికించండి.

జరిపాక మౌంట్ దూరానికీ ఆర్మ్ పొడవుకీ నిష్పత్తి 0.8. చక్రం దగ్గర రేటు (ఒక మి.మీ. కదిలించడానికి కావాల్సిన బలం) స్ప్రింగ్ రేటులో 0.64 వంతు. చక్రం దగ్గర మి.మీ.కి 20 న్యూటన్లు కావాలంటే నిలువు షాకబ్జర్‌కి 31 న్యూటన్ల స్ప్రింగ్, 30 డిగ్రీలు వాలి ఉంటే దాదాపు 42.

కృష్ణలంక_గ్యారేజ్:
మౌంట్ జరుపుతాను. నకిల్ (చక్రం బిగించే ఇనుప ముక్క) మారుతి 800ది. పైన స్ట్రట్ బిగించే రెండు బోల్టు రంధ్రాలే ఉన్నాయి, బాల్ జాయింట్‌కి చోటు లేదు. నకిల్ మీదే వెల్డు చేయించొచ్చా?

లేత్_బెంచ్:
వద్దు. నకిల్ మీద వెల్డు పెడితే పక్కనున్న చోటు పెళుసెక్కి, బయటికి ఏమీ కనపడకుండానే పగులు మొదలవుతుంది. ఆ రెండు రంధ్రాలకే బోల్టు అయ్యే 10 మి.మీ. అడాప్టర్ చేయించి, బాల్ జాయింట్ టేపర్‌కి (కొసకి సన్నబడే వాలుకి) సరిపడే రీమర్‌తో రంధ్రం తీయించండి. నీలం రంగు పూసి తిప్పి చూస్తే టేపర్ అంతా ఆనిందో లేదో తెలుస్తుంది. అంచు మీదే ఆనితే షాంక్ ఊగి విరుగుతుంది.

బాల్ జాయింట్ బదులు రాడ్ ఎండ్ (మర కాడకి గుండ్రటి కీలు ఉన్నది) కింది ఆర్మ్ కొసకి పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి. వంపు పడేది మర మొదట్లోనే, విరిగేదీ అక్కడే.

గుంటూరు_ట్రాక్:
బుష్ బిగింపు ఒకసారి చూసుకోండి. లోపలి ఇనుప స్లీవ్, రెండు పోలీ బుష్‌ల మొత్తం పొడవు కంటే అర మి.మీ. ఎక్కువ ఉండాలి. ఎం12, 8.8 గ్రేడ్ బోల్టుకి 80 న్యూటన్ మీటర్లు. స్లీవ్ పొట్టిగా ఉంటే బ్రాకెట్ నేరుగా బుష్‌నే నొక్కి, ఆర్మ్ కదలక కిర్రుమంటుంది.

పౌడర్ కోటింగ్‌కి ముందు కుట్లన్నిటికీ డై పెనెట్రెంట్ (పగుళ్ళు చూపించే రంగు ద్రవం) కొట్టి చూడండి, కోటింగ్ వేశాక పగుళ్ళు దాక్కుంటాయి. క్రోమ్ ప్లేటింగ్ మాత్రం వద్దు, హైడ్రోజన్ చొరబడి స్టీలు పెళుసవుతుంది. స్ప్రింగ్ తీసేసి చక్రాన్ని 50 మి.మీ. పైకీ కిందకీ లేపి టో (చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మారుతుందేమో కొలిచాకే స్టీరింగ్ రాక్ బ్రాకెట్లకి ఆఖరి వెల్డు పెట్టించండి.