మాక్రోను రెండోసారి వాడగానే 'సింబల్ రీడెఫినిషన్' ఎర్రర్

ప్రశ్న
8086 ప్రాసెసర్, మాస్మ్ 6 (మైక్రోసాఫ్ట్ అసెంబ్లర్). ఏఎల్ రిజిస్టర్‌లోని 0–15 విలువను హెక్స్ అంకెగా తెరమీద చూపించే మాక్రో:

హెక్స్ మాక్రో
సీఎంపీ ఏఎల్, 9
జేబీఈ అంకె
యాడ్ ఏఎల్, 7
అంకె: యాడ్ ఏఎల్, 30హెచ్
మూవ్ డీఎల్, ఏఎల్
మూవ్ ఏహెచ్, 2
ఇంట్ 21హెచ్
ఎండ్ఎమ్

ఒక్కసారి వాడితే బాగానే ఉంది. రెండోసారి రాస్తే ఏ2005 ఎర్రర్ (సింబల్ రీడెఫినిషన్, అంటే ఒకే పేరుని మళ్ళీ నిర్వచించడం) వస్తోంది. ప్రొసీజర్‌ని ఎన్నిసార్లు పిలిచినా రాదు కదా, దీనికెందుకు?

జవాబు 1
మాక్రోని ప్రాసెసర్ పిలవదండీ. మీరు 'హెక్స్' అని రాసిన ప్రతిచోటా అసెంబ్లరే ఆ ఏడు ఇన్‌స్ట్రక్షన్లనూ దించేస్తుంది. రెండుసార్లు దించితే 'అంకె' అనే లేబుల్ (జంప్ చేరాల్సిన చోటు పేరు) కూడా రెండుసార్లు వచ్చినట్టే. మాక్రో లైను కిందే 'లోకల్ అంకె' అని పెట్టండి. దానికి ముందు ఏ ఇన్‌స్ట్రక్షనూ ఉండకూడదు. అప్పుడు ఒక్కో వాడకానికి ??0000, ??0001 అంటూ వేరే పేరు పడుతుంది. 'డాట్ లిస్ట్‌మాక్రోఆల్' పెట్టి లిస్టింగ్ ఫైలు (అసెంబ్లర్ తయారుచేసిన కోడ్ అంతా చూపించేది) తీయండి, కళ్ళారా కనిపిస్తుంది.

జవాబు 2
లేబుల్ ఒక్కటే కాదు, రిజిస్టర్లు కూడా చూసుకోండి. ఏఎల్‌లో 5 ఉంటే మాక్రో అయ్యాక 35హెచ్ మిగులుతుంది. ఏహెచ్, డీఎల్ కూడా పోతాయి. పైకి ఒకే మాట కాబట్టి వాడేవాళ్ళకు ఇది తెలియదు, తప్పు ఇంకెక్కడో బయటపడుతుంది. మొదట ఏఎక్స్ (ఏహెచ్, ఏఎల్ కలిసినది), డీఎక్స్ (డీఎల్ ఇందులోదే) పుష్ చేసి, అంటే స్టాక్‌లో దాచి, చివర డీఎక్స్, ఏఎక్స్ వరసలో పాప్ చేసి వెనక్కి తీసుకోండి.

ప్రశ్న అడిగినవారు
రెండూ పనిచేశాయండీ. కానీ లూప్ లోపల పదిచోట్ల వాడితే జంప్ మరీ దూరం అంటోంది.

జవాబు 1
అసలు మాక్రో 14 బైట్లు, పుష్, పాప్‌లతో 18. పదిచోట్ల 180. లూప్ ఇన్‌స్ట్రక్షన్ వెనక్కి 128 బైట్లే వెళ్ళగలదు, అందులో 2 తనవే. అంటే వేరే కోడ్ ఏమీ లేకపోయినా ఏడు వాడకాలకే నిండిపోతుంది. దాని బదులు 'డీఈసీ సీఎక్స్', కింద 'జేఎన్‌జెడ్' రాయండి. దూరమైన కండిషనల్ జంప్‌ని మాస్మ్ 6 తనే రెండు జంప్‌లుగా మారుస్తుంది. లూప్‌కి ఆ సాయం లేదు.

జవాబు 2
నేనైతే ఇక్కడ ప్రొసీజరే రాయమంటాను. రెట్‌తో (పిలిచిన చోటికి తిరిగి పంపే ఇన్‌స్ట్రక్షన్) కలిపి 19 బైట్లు, ఒక్కో నియర్ కాల్‌కి (అదే సెగ్మెంట్‌లోని ప్రొసీజర్‌ని పిలవడం) 3. పది కాల్స్‌కీ మొత్తం 49. కాల్, రెట్‌లకు కొన్ని క్లాక్‌లు ఎక్కువవుతాయి, కానీ ప్రతి అక్షరానికీ ఇంట్ 21హెచ్‌తో డాస్‌ని పిలిచే చోట ఆ తేడా తెలియను కూడా తెలియదు. రెండు మూడు ఇన్‌స్ట్రక్షన్ల ముక్కలకు మాక్రో ఉంచుకోండి.