వడగళ్ళు పడ్డ పెరటి మొక్కలు పీకేయాలా, ఉంచాలా?

కందుకూరు అమ్మాయి, ఫ్రిస్కో:

అందరికీ నమస్కారం. మేం డల్లాస్ వైపు వచ్చి ఇంకా ఏడాది కాలేదు. అద్దె ఇల్లే అయినా వెనక పెరడు ఉందని ఆశపడి టమాటా, బెండ, గోరుచిక్కుడు, గోంగూర, ఒక సొరపాదు పెట్టుకున్నాను. నిన్న సాయంత్రం వడగళ్ళు పడ్డాయి. కొన్ని నిమ్మకాయంత ఉన్నాయి. టమాటా కొమ్మలు విరిగి వేలాడుతున్నాయి, సొరాకులు పీలికలైపోయాయి, గోంగూర కొసలన్నీ తెగిపోయాయి. బయట పెట్టిన కరివేపాకు కుండీకి కూడా దెబ్బ తగిలింది. మావారు అన్నీ పీకేసి నర్సరీ నుంచి కొత్త నారు తెద్దామంటున్నారు. నాకు పీకడానికి చెయ్యి రావడం లేదు. ఏం చేయమంటారు?

ఒంగోలు అక్క, మెకిన్నీ:

ఏదీ పీకొద్దమ్మా. ఒక వారం ఆగు. వడగళ్ళు పడ్డ మర్నాడు చూస్తే ప్రతి మొక్కా పోయినట్టే కనిపిస్తుంది. ఏది బతుకుతుందో అప్పుడు తెలియదు. వారం తిరిగేసరికి ఆకు కాడకీ కొమ్మకీ మధ్య సందులో సన్నగా పచ్చటి చిగురు మొగ్గ లేస్తుంది. అది కనిపించిన చోటు దాకా ఉంచుకుని పైన చచ్చింది కత్తిరించుకోవాలి.

చిరిగిన ఆకులు కూడా అన్నీ గిల్లేయొద్దు. పచ్చగా ఉన్న ముక్క ఎంత ఉంటే అంత ఎండని పట్టి మొక్కకి తిండి తయారుచేస్తూనే ఉంటుంది. అవి కూడా తీసేస్తే కొత్త చిగురు వేయడానికి బలం ఎక్కడిది? నలిగి నల్లబడ్డవి, మట్టికి అంటుకుపోయినవి మాత్రం తీసెయ్. విరిగి తొక్కతో వేలాడే కొమ్మని చేత్తో లాగొద్దు, తొక్క కింది దాకా చీలుకొస్తుంది. కత్తెరతో కణుపుకి కాస్త పైన నున్నగా కొయ్యి.

టమాటా సంగతి మీవారికి ఇలా చెప్పు. ఇక్కడ మే నెలలో కొత్త నారు పెడితే అది గట్టిగా పూతకొచ్చేసరికి ఎండలు ముదిరిపోతాయి. పగలు 95 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి, రాత్రి కూడా 75 కిందికి దిగకపోతే పూత నిలవదు, రాలిపోతుంది. వేళ్ళు బాగా పట్టిన పాత మొక్క అంతకంటే ముందే కోలుకుంటుంది. దెబ్బ తగిలిన కాయలు కోసుకుని, నలిగిన చోటు తీసేసి, నువ్వులు వేసి పచ్చి టమాటా పచ్చడి నూరుకో.

కావలి అన్న, ప్లేనో:

అమ్మా, మొక్కల సంగతి అక్క చెప్పింది. అద్దె ఇల్లు అన్నావు కాబట్టి నేను అంతకంటే ముఖ్యమైనది చెప్తాను. ఈ రోజే ఫోన్ తీసుకుని ఇంటి చుట్టూ ఫొటోలు తియ్యి. కంచె, కిటికీ జాలీలు, ఏసీ బయటి యూనిట్, పచ్చిక, అన్నీ. వడగళ్ళు ఇంకా కరగకుండా ఎక్కడైనా ఉంటే పక్కన క్వార్టర్ నాణెం పెట్టి తియ్యి. క్వార్టర్ సుమారు ఒక అంగుళం ఉంటుంది, ఇక్కడి వాతావరణ శాఖ ఆ సైజు నుంచే తీవ్రమైన వడగళ్ళు అని లెక్క కడుతుంది.

ఎందుకు చెప్తున్నానంటే, మేం కొత్తగా వచ్చినప్పుడు అద్దెకున్న ఇంట్లో ఇదే జరిగింది. జాలీలు చిరిగాయి, కంచె చెక్కలు రెండు మూడు ఊడాయి, నేను కట్టిన బీర పందిరి కూలి పచ్చిక మీద పడింది. ఇల్లు చూసే ఆఫీసుకి ఫోన్ చేశాను. మనిషిని పంపిస్తాం అన్నారు, ఎవరూ రాలేదు. మళ్ళీ చేస్తే ఫోన్ ఎత్తిన ఆవిడ వేరే, ఆమెకి ఏమీ తెలియదు. నెలలు గడిచాయి. ఇల్లు ఖాళీ చేశాక డిపాజిట్లోంచి కంచెకి ఇంత, జాలీలకి ఇంత, పచ్చికకి ఇంత అని కోసి మిగిలింది పంపారు. పందిరి వేయడం వల్లే కంచె పోయిందని రాశారు! పిల్లవాడికి స్కూలు మారుస్తూ, కొత్త ఇంటి డిపాజిట్ కట్టుకుంటూ ఎంత టెన్షన్ పడ్డామో. అదృష్టం కొద్దీ ఆ సాయంత్రమే మా ఆవిడ ఫొటోలు తీసి వాళ్ళకి ఈమెయిల్ పంపించి ఉంది. తారీఖు, టైముతో సహా అది ప్రింటు తీసి, ఉత్తరం రాసి సర్టిఫైడ్ మెయిల్లో పంపాను. అప్పుడు గానీ దిగిరాలేదు.

టెక్సాస్ చట్టం ప్రకారం నువ్వు ఖాళీ చేసి, కొత్త అడ్రసు రాతపూర్వకంగా ఇచ్చాక 30 రోజుల్లో డిపాజిట్ తిరిగి ఇవ్వాలి, లేదా దేనికెంత కోశారో లెక్క ఇవ్వాలి. దురుద్దేశంతో పట్టుకున్నారని కోర్టులో తేలితే పట్టుకున్న దానికి మూడు రెట్లు, పైన 100 డాలర్లు కట్టాలి. అందుకని ఫోన్లో చెప్పి ఊరుకోవద్దు, ఈమెయిల్ పెట్టు. కారు ఇన్సూరెన్సు సంగతి కూడా చూసుకో, మన బండికి జరిగిన ఇలాంటి నష్టానికి ఇచ్చే కాంప్రహెన్సివ్ ఉంటేనే వడగళ్ళ సొట్టలకి డబ్బులొస్తాయి, ఎదుటివాళ్ళ నష్టానికి మాత్రమే ఇచ్చే లయబిలిటీ ఒక్కటే ఉంటే రావు.

పొదలకూరు తమ్ముడు, ఇర్వింగ్:

అక్కా, మీరు చెప్పినవన్నీ బాగున్నాయి గానీ వారం ఊరికే ఆగమనడం నాకు నచ్చలేదు. మాది నిమ్మతోటల ఊరు. వడగళ్ళు పడితే నాన్న మర్నాడే బోర్డో మిశ్రమం కొట్టించేవాడు. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్ళు. రాయి తగిలిన ప్రతి చోటా తొక్క పగులుతుంది, గజ్జి తెగులు అక్కడి నుంచే లోపలికి పోతుంది. ఒకసారి పోయాక మందు కొట్టి లాభం లేదు, రాగి మందులు రాకముందు ఆపడానికే గానీ వచ్చాక తగ్గించడానికి కాదు. ఇక్కడ కాపర్ ఫంగిసైడ్ అని ఏ గార్డెన్ షాపులో అడిగినా ఇస్తారు. టమాటాకి వెంటనే కొట్టమ్మా.

ఒంగోలు అక్క, మెకిన్నీ:

తమ్ముడూ, నిమ్మతోట వేరు, పెరట్లో నాలుగు మొక్కలు వేరు. ఈ పిల్ల గోంగూర కోసుకుని పప్పులో వేసుకుంటుంది. దాని మీద కాపర్ ఎందుకు కొట్టించాలి? గోంగూరకి, కొత్తిమీరకి, పుదీనాకి ఏ మందూ అక్కర్లేదు, కింద నుంచి కోసేస్తే మళ్ళీ గుబురుగా వస్తాయి. టమాటాకి కొట్టడం తప్పనను. డబ్బా మీద ఏ మొక్కకి ఎంత అని రాసి ఉంటుంది, ఆ కొలత దాటకూడదు. ఎండ మండే వేళ కొట్టకూడదు, దెబ్బ తిన్న ఆకు ఇంకా మాడుతుంది.

పొదలకూరు తమ్ముడు, ఇర్వింగ్:

గోంగూరకి కొట్టమని నేనన్లేదక్కా. టమాటాకే అన్నాను. మొన్నటి దాకా మా నెల్లూరు జిల్లాలో ఉన్న ఊరి అమ్మాయి కదా, మంచి జరగాలనే.

ఒంగోలు అక్క, మెకిన్నీ:

కందుకూరు 1970లో ప్రకాశం జిల్లా పుట్టినప్పటి నుంచి మాదే. 2022లో మీ వైపు కలిపి కొన్నాళ్ళు ఉంచినంత మాత్రాన మా అమ్మాయి కాకుండా పోలేదు.

కావలి అన్న, ప్లేనో:

1970కి ముందు ఎక్కడుందో కూడా చెప్పు మరి. జిల్లాల సంగతి తర్వాత చూసుకుందాం. మీలో సొంత ఇల్లున్నవాళ్ళు ఈ వారం తలుపు కొట్టే రూఫింగు వాళ్ళతో జాగ్రత్త. డిడక్టిబుల్, అంటే ఇన్సూరెన్సు క్లెయిములో మన జేబులోంచి కట్టాల్సిన వాటా, మేమే చూసుకుంటాం, మీరు కట్టక్కర్లేదు అంటే సంతకం పెట్టొద్దు. 2019 సెప్టెంబరు నుంచి టెక్సాస్‌లో అది నేరం. పైగా ఇక్కడ రూఫు వేసేవాళ్ళకి రాష్ట్రం లైసెన్సు అంటూ ఏమీ లేదు, ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు.

కనిగిరి పెద్దాయన, అలెన్‌లో కూతురి ఇంట్లో:

అమ్మా, అందరూ ఆకు గురించే చెప్తున్నారు, మట్టి గురించి ఎవరూ చెప్పలేదు. ఇక్కడి మట్టి కూడా మన నల్లరేగడి లాగే తడిస్తే జిగురు, ఆరితే పెళ్ళ. వడగళ్ళ వాన నేలని దిమ్మిస కొట్టినట్టు అదిమేస్తుంది. తడిగా ఉన్నప్పుడు మళ్ళల్లో అడుగు పెట్టొద్దు. పైన ఆరి, లోపల పదును ఉన్నప్పుడు చిన్న పారతో పై పెచ్చు మాత్రం పగలగొట్టు, వేళ్ళు తెగకుండా. అప్పుడు వేరుకి గాలి ఆడుతుంది. మొదళ్ళ చుట్టూ గడ్డి గానీ ఎండుటాకులు గానీ పరుచు. ఎరువు ఇప్పుడే వేయొద్దు. ఆకు లేని మొక్క ఎరువుని ఏం చేసుకుంటుంది? చిగురు నాలుగు ఆకులు వేశాక కొంచెం వెయ్యి. నీళ్ళూ అంతే, ఆకు తగ్గింది కాబట్టి తాగేదీ తగ్గుతుంది. వేలు మట్టిలో దించి చూసి పొడిగా ఉంటేనే పొయ్యి.

కందుకూరు అమ్మాయి, ఫ్రిస్కో:

అందరికీ చాలా థాంక్స్. ఫొటోలు తీసి ఈమెయిల్ పెట్టేశాను. పొద్దున ఒక్కో మొక్కా దగ్గర కూర్చుని చూశాను. టమాటా కాండం మీద వాన వచ్చిన వైపే తెల్లగా గీతల్లాంటి గాయాలున్నాయి, రెండో వైపు నున్నగా ఉంది. సొరపాదు కొస తీగ తెగిపోయింది. బెండ, గోరుచిక్కుడు ఇప్పుడిప్పుడే మొలిచినవి, కొన్ని నేలకి అంగుళం ఎత్తున తెగిపడ్డాయి. ఇవి వస్తాయా?

ఒంగోలు అక్క, మెకిన్నీ:

కాండం గాయం ఒక వైపే ఉంటే భయం లేదు, ఎండి పెచ్చు కడుతుంది. చుట్టూ తొక్క లేచిపోతే మాత్రం ఆ పైభాగం నిలవదు. గాయపడ్డ కాండం తన బరువే మోయలేదు కాబట్టి కర్ర పాతి పాత గుడ్డపీలికతో వదులుగా కట్టు. ఆకులు పోయిన చోట కాయల మీద ఎండ నేరుగా పడి తెల్లగా మాడతాయి, పడమటి ఎండ వచ్చే వైపు పాత నూలు చీర అడ్డం కట్టు.

సొరకి కొస తెగితే పక్క తీగలు వస్తాయి. ఎటూ కొస తుంచి పక్క తీగలు రానిచ్చేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఒక్కటి చూడు, మొదలు మెత్తబడి వాసన వస్తే ఆ పాదు తీసెయ్.

మొలకలకి గుర్తు చెప్తాను. విత్తనం లోంచి మొదట విచ్చుకునే మందపాటి జంట ఆకులున్నాయే, వాటికి పైన తెగితే ఆ సందులోంచి మళ్ళీ రావచ్చు. వాటి కింద తెగితే ఇక రాదు, అక్కడ చిగురు మొగ్గ ఉండదు. అవి తీసేసి అదే గుంటలో గింజ వేసుకో. బెండకీ గోరుచిక్కుడుకీ ఈ ఊళ్ళో ఎండంటే ఇష్టం, ఇప్పుడు వేసినా ఆలస్యం కాదు.

పొదలకూరు తమ్ముడు, ఇర్వింగ్:

కరివేపాకు కుండీ గురించి ఎవరూ చెప్పలేదు. విరిగిన కొమ్మ వరకు కోసెయ్, అది గట్టి మొక్క, ఎన్నిసార్లు కోసినా పక్కల నుంచి చిగుళ్ళు వేస్తుంది. పోయినా కంగారుపడి ఇండియా నుంచి మొక్క గానీ ఆకు గానీ బ్యాగులో తెప్పించుకోవద్దు, అమెరికాలోకి తేనివ్వరు. నిమ్మజాతి చెట్లని చంపే తెగులుని మోసే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది. వేరే రాష్ట్రాల నుంచి తెచ్చుకోవడానికి కూడా ఆంక్షలున్నాయి. ఇర్వింగ్ వైపు వస్తే చెప్పమ్మా, మా కుండీ పక్కన పిలకలు లేచాయి, ఒకటి తవ్వి ఇస్తాను.

కనిగిరి పెద్దాయన, అలెన్‌లో కూతురి ఇంట్లో:

జూన్ దాకా ఇక్కడ వడగళ్ళు పడుతూనే ఉంటాయని మా అల్లుడు అంటున్నాడు. మొలకల మీదికి నాలుగు బకెట్లు, ఒక పాత దుప్పటి వరండాలో పెట్టుకో. ఫోన్‌లో హెచ్చరిక రాగానే బోర్లించి పైన రాయి పెట్టు, ఉరుములు దగ్గరైతే మాత్రం బయటికి పోవద్దు.